పసుపు పట్టీ సీటు

ముప్పై మంది డ్రైవర్లను అడిగి, పదకొండు మంది మాటే విని, అందరూ చెప్పారని రాయడం ఎలాగో లెక్కలమ్మకు ఆ గురువారం ఉదయం తెలిసింది. అందుకు పెద్ద దుర్మార్గం ఏమీ అక్కర్లేదు. కంప్యూటరులో ఒక బొత్తాం నొక్కితే చాలు.

లెక్కలమ్మ అన్నది డ్రైవర్లు పెట్టిన పేరు. బస్సు డిపో మేడమీద, గణాంకాల విభాగం అని బోర్డున్న గదిలో ఆమె, ఆమె సీనియరు, రెండు కంప్యూటర్లు, తిరుగుతున్నానని నమ్మించే ఒక ఫ్యాను ఉంటారు. కింద బస్సు వెనక్కి తీస్తే గది అద్దాలన్నీ గలగలమంటాయి. ఆ చప్పుడు ఆగేదాకా మాట్లాడేవాళ్ళు నోరు తెరిచి అలాగే ఆగిపోవడం ఆ గదిలో అలవాటు.

కొత్త బస్సులకు డ్రైవరు సీట్లు కొనాలి. నాలుగు కంపెనీలు నాలుగు రకాలు పంపాయి. కంపెనీ పేరు చూసి ఎవరూ అటూ ఇటూ మొగ్గకుండా ఒక్కో రకానికి ఒక్కో రంగు పట్టీ కుట్టించారు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు. ప్రతి డ్రైవరూ ఒక్కో సీటు మీద మూడేసి రోజులు బండి నడపాలి. ఆఖర్న నాలుగింటికీ వరస చెప్పాలి. అన్నిటికంటే మేలైనదానికి ఒకటి, అధ్వాన్నమైనదానికి నాలుగు. నొప్పిని కొలిచే తక్కెడ ఎక్కడా లేదు, ఇది దానికంటే నయమని మాత్రం ఎవరైనా చెప్పగలరు, కాబట్టి వరసలే అడుగుదాం అన్న ఆలోచన లెక్కలమ్మదే. ఆ సంగతి తలుచుకుని ఆమె కొన్నాళ్ళు మురిసిపోయింది కూడా.

సీనియరు ఫలితం కాగితాన్ని ఆమె ముందుకు జరిపాడు.

"నాలుగింటికీ తేడా ఉందని చెప్పడానికి లేదమ్మా. తేడా లేనప్పుడు చవకది కొంటారు. పసుపు చవక. మంగళవారం మీటింగులో ఇదే పెట్టేద్దాం. టైపు చేసెయ్."

కాగితం అడుగున చీమల్లాంటి అక్షరాలున్నాయి. లెక్కలమ్మ కళ్ళు చిట్లించి చదివింది. పరీక్షకు తీసుకున్న వరసలు: పదకొండు.

"పదకొండేంటి సార్? ముప్పై మంది కదా."

"ఒక్క గడి ఖాళీ ఉన్నా ఆ మనిషి వరస మొత్తం వదిలేస్తుంది. ఈ పరీక్ష అంతే. ప్రతివాడూ నాలుగూ ఎక్కి ఉండాలి."

"మూడు ఎక్కినవాళ్ళో?"

"వాళ్ళకో దణ్ణం."

కింద బస్సు వెనక్కి వెళ్ళింది. అద్దాలు ఊగి ఆగేలోపు లెక్కలమ్మ ఆ పదకొండు మందీ ఎవరో చూసింది. అందరూ ఊళ్ళో తిరిగే బస్సులవాళ్ళు. గంటకోసారి దిగి నడుం విరుచుకునేవాళ్ళు, మధ్యాహ్నం ఇంటికెళ్ళి అన్నం తిని వచ్చేవాళ్ళు. దూరపు రూట్లవాళ్ళలో ఒక్కరికి కూడా నాలుగు గళ్ళూ నిండలేదు. ఒకరికి బస్సు రిపేరు, ఒకరికి రూటు మార్పు, ఒకరికి సెలవు. ఎనిమిదేసి గంటలు సీటుకు అతుక్కుని ఉండేవాళ్ళనే కూరలో కరివేపాకులా తీసి పడేశారు. ఆమెకు ఒళ్ళు మండింది.

"ఇందులో దూరపు రూటు డ్రైవరు ఒక్కడూ లేడు సార్. నడుం నొప్పి వాళ్ళదే కదా."

"నొప్పి ఎవరిదో నేనెలా చూస్తానమ్మా? గడి నిండిందా లేదా అన్నదే నాకు కనిపించేది."

సీనియరు చెడ్డవాడు కాదు. పైనుంచి సంజాయిషీ అడుగుతూ కాగితం రాకుండా రిటైరవ్వాలన్నది ఒక్కటే ఆయన కోరిక. అలాంటి మంచివాళ్ళతో వాదించడం మహా కష్టం, ఎక్కడ కొట్టినా మెత్తగా తగులుతుంది. పక్కన పడేసిన వరసల్లో ఒకటి తన అన్నయ్యదని లెక్కలమ్మ ఆయనకు గుర్తు చెయ్యలేదు. ఆయనకు తెలుసు. డిపో అంతటికీ తెలుసు.

ఆ సాయంత్రం ఆమె ఇంటికి వెళ్ళేసరికి అన్నయ్య ముందుగదిలో నేలమీద వెల్లకిలా పడుకుని, కాళ్ళు మోకాళ్ళదాకా కుర్చీ మీద పెట్టుకుని ఉన్నాడు. సెలవు పెట్టినప్పటినుంచీ ఆ ఇంట్లో ఆ కుర్చీ ఇంకెవరికీ దొరకలేదు. వదిన రబ్బరు సంచిలో వేడినీళ్ళు పోసి, మూత బిగించి, తలకిందులు చేసి కారడం లేదని చూసుకుని, అతని నడుం కిందకు తోసింది.

"తేలిందా మీ సీట్ల సంగతి?" అన్నాడు కప్పువైపు చూస్తూనే.

"తేలినట్టే ఉంది. నీ వరస తీసేశారు అన్నయ్యా. దూరపు రూట్లవాళ్ళందరివీ తీసేశారు."

"అడిగి మరీ రాసుకున్నారుగా."

"ఖాళీలున్నాయని."

"ఖాళీగా కూర్చున్నానా నేను? బండి తోలుతూ కూర్చున్నా." అతను నవ్వబోయి నడుం కలుక్కుమనడంతో ఆగిపోయాడు. "ఆ పసుపుది కొంటారా అయితే?"

లెక్కలమ్మ చెప్పులు విప్పడానికి వంగి చాలాసేపు లేవలేదు.

"కొంటే నేను మళ్ళీ బండెక్కలేనే. ఇరవై ఏళ్ళుగా తోలుతున్నాను, ఒక సీటు చూసి భయపడటం ఇదే మొదలు."

"మీ చెల్లెలు అంత పెద్ద చదువు చదివింది ఎందుకు? మీ మాట ఒక్కటి లెక్కలో వేయించలేదా?" అంది వదిన. ఆమె దెప్పేటప్పుడు కూడా గొంతు పెంచదు. అందుకే అది ఎక్కువ తగులుతుంది.

"వేయిస్తాను వదినా. వాళ్ళని తీసెయ్యక్కర్లేకుండా చేసే పద్ధతి ఉంది. కంప్యూటరులో లేకపోతే చేత్తో చేస్తాను."

ఆ రాత్రి నిద్రపోయే ముందు ఆమె తనకు ఇంత కోపం అన్యాయం మీదా, అన్నయ్య నడుం మీదా అని తనను తానే ప్రశ్నించుకుంది. రెండూ అని సరిపెట్టుకుంది.

శుక్రవారం పొద్దున్నే సీనియరు కుర్చీలో కూర్చోకముందే ఆమె మొదలుపెట్టింది. ఖాళీ గడిలో సగటు రాసేస్తే సరిపోదా అన్నాడాయన. ఎక్కని సీటు గురించి వాళ్ళ నోట్లో మన మాట పెట్టడం అవుతుందంది ఆమె. పోనీ, మూడే ఎక్కినవాడి ఒకటిని, నాలుగూ ఎక్కినవాడి ఒకటిని ఎలా కలుపుతావన్నాడు. అది మంచి ప్రశ్నే.

"ముగ్గురిలో ఫస్టు, నలుగురిలో ఫస్టు ఒకటి కాదు సార్. అందుకే ఎవరి వరసకు ఆ వరసలో మధ్య ఎక్కడుందో చూస్తాం. ఎక్కిన ప్రతి సీటూ ఆ మధ్యకు ఎంత పైన, ఎంత కింద అన్నదే తీసుకుంటాం. ఎక్కని సీటు సరిగ్గా మధ్యలో కూర్చుంటుంది, దానివల్ల లాభం లేదు, నష్టం లేదు. ఎక్కువ సీట్లు ఎక్కినవాడికి, తక్కువ ఎక్కినవాడికి బరువు వేరు వేరుగా కడతాం."

"చేత్తో?"

"చేత్తోనే."

"తప్పొస్తే?"

"మీరు రెండోసారి చెయ్యండి."

సీనియరు కళ్ళజోడు తీసి పైచొక్కా అంచుతో తుడుచుకున్నాడు. పని ఎక్కువైతే ఆయన చేసే మొదటి పని అదే. "సరే, కానీ. మీ అన్న వరస వచ్చినప్పుడు మాత్రం నన్ను పిలువు. నాకు అనుమానమని కాదు. రేపు ఎవరూ అనకూడదు."

ఆమె కాగితాలు పేలికల్లా కత్తిరించింది. ఒక్కో డ్రైవరుకు ఒక్కో పేలిక, దాని మీద నాలుగు గళ్ళు. ఎక్కని గడిలో అడ్డగీత. వాటిని బల్లమీద బారుగా పరిచి, ఫ్యాను గాలికి ఎగరకుండా పంచింగు మిషను, నీళ్ళ సీసా, తన చేతిగడియారం బరువులుగా పెట్టింది. ఒక్కో పేలికా తీసుకుని, ఎక్కినవి ఎన్నో లెక్కపెట్టి, మధ్య ఎక్కడో గుర్తించి, దూరాలు పక్క కాగితం మీద ఎక్కించి, పేలికను కుడివైపుకు జరిపేది. మూడు ఎక్కినవాళ్ళు వచ్చారు. రెండే ఎక్కినవాళ్ళు వచ్చారు. నిన్న చెత్తబుట్టకు పోయిన మనుషులు ఒక్కొక్కరే తిరిగి లోపలికి వస్తుంటే ఆమెకు నిజంగా సంతోషం వేసింది.

అన్నయ్య పేలిక చేతిలోకి వచ్చింది. దాని మీద ఒక్క గడే నిండి ఉంది. పసుపు. అక్కడ ఒకటి అని రాసి ఉంది.

ఎక్కినది ఒక్కటే. అందులో మొదటిదీ అదే, చివరిదీ అదే, మధ్యా అదే. మధ్యనుంచి దూరం సున్నా. ఆమె మళ్ళీ చేసింది. సున్నాకు ఎంత బరువు కట్టినా సున్నాయే.

సీనియరును పిలవాల్సిన మాట గుర్తొచ్చి పిలిచింది. ఆయన వంగి చూశాడు.

"నీ పద్ధతి కూడా వద్దంటోందిగా."

"ఒక్కటే ఎక్కితే దేనితో పోల్చాలి సార్. పోలిక లేదు." నిన్న ఆయన తీసేసినప్పుడు తిట్టుకుంది. ఇవాళ న్యాయంగా, శుద్ధంగా, చేత్తో లెక్కవేసి తనే తీసేయాలి.

అలాంటి పేలికలు మొత్తం ఐదు. ఐదింటిలోనూ నిండినది పసుపు గడే. మిగిలిన పాతిక మందితో లెక్క కడితే నాలుగింటి మధ్యా కాస్త ఎడం కనిపించింది, కానీ తేడా ఉందనడానికి చాలక గడప మీదే ఆగిపోయింది. ఈ ఐదుగురూ పసుపు ఎక్కి, దిగి, సెలవు పెట్టారు. వాళ్ళు నోరు విప్పితే ఏమంటారో చెప్పాలా. ఆ ఐదుగురి మాటలూ చేరితే లెక్క గడప దాటుతుందని ఆమె గట్టిగా నమ్మింది.

"పసుపు ఎక్కి పడకేసినవాళ్ళు సార్ వీళ్ళు. పసుపును అన్నిటికంటే కిందని రాసేద్దాం."

"అంకెలు చూశాక నియమం మారుస్తావా?" సీనియరు ఈసారి మెత్తగా అనలేదు. "అదే పని నేను చేస్తే నువ్వు ఊరుకుంటావా?"

ఆయన అన్నది ముమ్మాటికీ నిజం, అందుకే ఆమెకు మరీ చిర్రెత్తుకొచ్చింది.

ఆయనే కాసేపటికి దారి చూపించాడు. "సోమవారందాకా గడువుంది. ఈలోపు ఇంకొక్క సీటు ఎక్కితే వాళ్ళకి పోలిక దొరుకుతుంది. ఐదుగురికీ కబురు పంపుతాను. ఎక్కినవాళ్ళ మాట నేను వెళ్ళి రాసుకుంటాను. మీ అన్నను నువ్వేమీ అడగొద్దు."

కబురు ఆమెకంటే ముందే ఇంటికి చేరింది. ఆమె వెళ్ళేసరికి అన్నయ్య గోడ పట్టుకుని ఆ చివరనుంచి ఈ చివరకు నడుస్తున్నాడు, సాధన చేస్తున్నట్టు. వదిన వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

"ఈయన రేపు డ్యూటీకి పోతాట్ట. మూడు రోజులు. నువ్వు చెప్పావా?"

"నేను చెప్పలేదు వదినా."

"చెప్పకపోతే వద్దని చెప్పు."

లెక్కలమ్మ నోరు తెరిచింది. వద్దనాలి. చెల్లెలన్నాక ఆ మాటే అనాలి. కానీ బల్లమీద గడప దగ్గర ఆగిపోయిన లెక్క కళ్ళముందు ఆడింది. ఆమె వెంటనే అనలేకపోయింది, ఆ ఆలస్యం ముగ్గురికీ కనిపించింది.

"వద్దు అన్నయ్యా," అంది తర్వాత.

"పోనీలేవే. రేపు ఎరుపుది ఇస్తారట. అన్నిట్లోకీ ఖరీదైందట కదా, రాజాలా కూర్చుంటాను." అతను కుర్చీ పట్టుకుని మెల్లిగా తిరిగాడు. "నా తర్వాత ఆ రూటు తోలేవాళ్ళు ఇంకా చిన్నవాళ్ళు. నా మాట లెక్కలోకి రావాలంటే మూడు రోజులే కదా."

వదిన ఆమెతో రెండు రోజులు మాట్లాడలేదు. అన్నం మాత్రం ఎప్పటిలాగే వడ్డించింది.

సోమవారం సాయంత్రం అన్నయ్య ఆటోలో వచ్చాడు. దిగడానికి ముందు ఒక కాలు, తర్వాత చెయ్యి, తర్వాత రెండో కాలు, మధ్యమధ్య ఊపిరి. లెక్కలమ్మ పరుగెత్తి భుజం ఇచ్చింది. అతని చొక్కా వీపంతా తడిసి అంటుకుపోయి ఉంది. లోపలికి తీసుకెళ్ళి నేలమీద పడుకోబెట్టి, ఇద్దరూ కలిసి కాళ్ళు కుర్చీ మీదకు ఎత్తారు. వదిన నీళ్ళు కాచడానికి వెళ్ళింది.

"మీ సీనియరు వచ్చాడు. చెప్పాను," అన్నాడు.

అడగొద్దన్న మాట ఆమెకు గుర్తుంది. చెప్పేశాడు కదా, ఇక అడిగితే తప్పేంటనుకుంది.

"ఏం చెప్పావు?"

"పసుపే నయమన్నాను."

ఆమె అతని మొహంలోకి చూసింది. వేళాకోళమేమోనని. కాదు.

"పసుపా? పసుపు వల్లేగా నువ్వు పడకేసింది."

"అలాగే అనుకున్నాను. మా రూటు బస్సులకి ముందు పసుపుదే బిగించారు. ఇంకోటి ఎక్కలేదు కాబట్టి దాన్నే తిట్టాను. ఈ ఎరుపుది దానికి తాత. నడుం దగ్గర ఏదో ఎత్తుగా పెట్టాడు చూడు, ఆ ఎత్తు మీద ఎనిమిది గంటలు..." అతను కళ్ళు మూసుకున్నాడు. "మిగతా నలుగురూ ఎక్కారు. ముగ్గురు నాలాగే అన్నారు. నీకు నచ్చదని తెలుసు. అడిగినప్పుడు ఉన్నదే చెప్పాలి కదా."

"పసుపు బాగుందని చెప్పావా?"

"బాగుందని ఎవరన్నారు? రెంట్లో ఏది మేలన్నాడు. పసుపన్నాను. రెండూ కూర్చోడానికి పనికిరావు అని కూడా అన్నాను. అది రాసుకోడానికి చోటు లేదన్నాడాయన."

వదిన వేడినీళ్ళ సంచితో వచ్చి నిలబడింది. "నిజమేనా? చోటు లేదా?"

"లేదు వదినా."

"అలా ఎవరు పెట్టారు?"

లెక్కలమ్మ కుర్చీ కాలు పట్టుకుని నేలమీద కూర్చుంది. వరసలే అడుగుదామన్నది తను. నలుగురు కుంటివాళ్ళను పరుగెత్తించినా ఒకడికి ఒకటో స్థానం వస్తుంది. అది తెలియనిది కాదు, మొదటి పాఠంలోనే ఉంటుంది. తెలిసీ ఒక్కసారి కూడా తోచలేదు. తీసేసిన గళ్ళ కోసం ఇన్నాళ్ళు పోట్లాడింది కానీ, అసలు వెయ్యని గడి తనదేనని ఆమెకు అప్పుడు తెలిసి, సిగ్గుతో ఏడుపొచ్చింది.

"నేనే పెట్టాను," అంది. వదిన సంచి ఆమె చేతికిచ్చింది. ఆమె దాన్ని అన్నయ్య నడుం కిందకు జరిపింది.

మంగళవారం పొద్దున్న ఐదు పేలికలూ చేర్చి సీనియరు ఒకసారి, ఆమె ఒకసారి లెక్క కట్టారు. ఇద్దరికీ ఒకటే వచ్చింది. లెక్క గడప దాటింది. పసుపు ఒకటో స్థానం, ఎరుపు చివర. ఎక్కడా తప్పు లేదు. ఉంటే బాగుండునని ఆమె మూడోసారి కూడా వెతికింది.

మీటింగు గదిలో మేనేజరు, స్టోర్సు ఆఫీసరు, వీళ్ళిద్దరూ కూర్చున్నారు. మినిట్స్ రాయడం సీనియరు వంతు. మేనేజరు కాగితం చదివి చాలా ఆనందపడ్డాడు.

"శభాష్. ముప్పై మందీ లెక్కలోకి వచ్చారు, తేడా తేలింది, గెలిచింది కూడా చవకదే. ఇంతకంటే ఏం కావాలి? రాసుకోండి. పసుపు పట్టీ సీటు సౌకర్యంగా ఉందని డ్రైవర్లు అభిప్రాయపడ్డారు."

"పడలేదు సార్," అంది లెక్కలమ్మ.

"ఒకటో స్థానం దానిదేగా?"

"దానిదే."

"లెక్క నువ్వు చేసిందేగా? తప్పుందా?"

"లేదు సార్. లెక్క సరిగ్గానే ఉంది. మిగతా మూడింటికంటే ఇది నయమని వాళ్ళు చెప్పారు. సౌకర్యమని ఎవరూ చెప్పలేదు. ఏది మేలని అడిగాం. ఎనిమిది గంటలు కూర్చోడానికి వీటిలో ఏదైనా పనికొస్తుందా అని అడగలేదు. అది నా పొరపాటు. కొనేముందు ఆ ఒక్క మాట అడగనివ్వండి."

స్టోర్సు ఆఫీసరు ఇబ్బందిగా కిటికీవైపు చూశాడు. మేనేజరు కోప్పడలేదు. మొండికేసిన పిల్లకు నచ్చజెప్పే పద్ధతిలో ముందుకు వంగాడు.

"అది ఎలా అడుగుతామమ్మా? అడిగితే దూరపు రూటువాళ్ళంతా ఏదీ పనికిరాదంటారు. మనకి తెలియనిదా?"

కింద ఏదో బస్సు వెనక్కి తీశారు. అద్దాలు గలగలమన్నాయి. అవి ఆగేదాకా అందరూ ఆగారు.

సీనియరు కళ్ళజోడు సర్దుకున్నాడు. అప్పటిదాకా రాసిన వాక్యం కింద కలం ఆనించి, తల ఎత్తకుండానే అడిగాడు.

"ఇప్పుడు మీరన్న మాట కూడా రాయమంటారా సార్?"

మేనేజరు ఆయనవైపు చూశాడు. సీనియరు కలం తియ్యకుండా జవాబు కోసం ఆగి ఉన్నాడు.